మన్రో గుమాస్తాలు, సర్వర్ చిట్టాలు

జూలై వచ్చిందంటే రెవెన్యూ కచేరీలకు కొత్త సంవత్సరం. ఒకటో తేదీన ఫసలీ మారుతుంది. ఆరో తేదీ సర్ థామస్ మన్రో వర్ధంతి. 1827లో పత్తికొండలో కలరా సోకి పోయాడాయన, 2027కి రెండు వందల ఏళ్లు నిండుతాయి. ఇక నెలాఖరు శుక్రవారం సర్వర్లను కాపలా కాసే సిస్టం అడ్మినిస్ట్రేటర్ల దినం. మూడూ ఒకే నెలలో పడటం కాకతాళీయమే. రాయలసీమలోని మా రాయచోటి నుంచి చూస్తే మాత్రం మూడింటికీ చుట్టరికం కనిపిస్తుంది. కంటికి ఆనని దాని బాగోగులు ఒకరు రాసిపెట్టాలి, ఇంకొకరు వాటిని చదివి అర్థం చెప్పాలి.

విజయనగర రాజులు, మట్లి దొరలు, కడప నవాబులు, హైదరాలీ, టిప్పు, నిజాము... పైన ఎవరు మారినా ఊళ్లో కవిలె కట్ట కరణం చేతిలోనే ఉండేది. అన్ని వందల ఏళ్లను ఒక్క వాక్యంలో దాటేస్తున్నందుకు పాఠకులు మన్నించాలి. నా మనసంతా 1802 మీదే ఉంది.

1800లో నిజాము ఈ సీమను, అంటే దత్తమండలాలను, కుంపిణీకి అప్పజెప్పాడు. ప్రిన్సిపల్ కలెక్టరుగా మన్రో వచ్చాడు. ఏ చేను ఎంతుందో, ఎవరు దున్నుతున్నారో, ఎంత పండుతుందో కరణాలు చెబితే తప్ప తెలిసే దారి లేదు. వాళ్లు చెప్పేది నమ్మడానికి మన్రోకు మనసొప్పలేదు. చేను చేనూ కొలవాల్సిందే అన్నాడు. 1802 జూన్‌లో పని మొదలుపెడితే దత్తమండలాల మొత్తంలో నేల కొలవడం తెలిసిన గుమాస్తాలు నలుగురంటే నలుగురే తేలారు! వాళ్లే మరికొందరికి విద్య నేర్పారు. 1805 నాటికి వందమంది అయ్యారు.

వాళ్ల గొలుసు పొడవు 33 అడుగులు. ఆ కొలతతో గీసిన చదరాలు 40 అయితే ఒక ఎకరం. కావాలంటే గుణించి చూసుకోండి, 43,560 చదరపు అడుగులు, అణాపైసలతో సరిపోతుంది. సీమ ఎండలో, కంపచెట్ల మధ్య, గుట్టల వాలున ఆ గొలుసు లాగినవాడికి కూలి ఎకరాల లెక్కన. అలాంటి కూలికి చేయి తొందరపడుతుందని మన్రోకు తెలుసు. అందుకే వెనకాలే పెద్ద గుమాస్తాలను పంపి కొన్ని చేలను మళ్లీ కొలిపించేవాడు. కాస్త తేడా వస్తే వదిలేసేవారు, హద్దు మీరితే కొలువు ఊడేది. ఇంత తేడా వరకు ఫరవాలేదు, ఇది దాటితే కేకవేయాలి అని ముందే గీత గీసుకున్నారన్నమాట. ఈ గీత సంగతి కాస్త గుర్తుంచుకోండి.

పన్ను మాత్రం బరువే. నాలుగో వంతు తగ్గించమని 1807లో మన్రోయే రాస్తే పైవాళ్లు వినలేదు. 1820లో తానే మద్రాసు గవర్నరయ్యాక తగ్గింది. అయినా సీమ జనం ఆయన మీద మమకారంతో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటారు. పన్ను వేసినవాడి పేరు బిడ్డకు పెట్టుకున్న జనాన్ని ఏమనాలో నాకు తోచదు.

ఆ తర్వాత అడంగల్, అజమాయిషీ, జమాబందీలతో శతాబ్దం పైన గడిచిపోయింది. చేను చూడకుండానే పోయినేటి పైరును ఈ ఏడూ ఎక్కించిన కరణాల కథలు కోకొల్లలు. 1984 జనవరి 6న ఆర్డినెన్సుతో ఆ కొలువులే పోయాయి. ఆపైన భూమి లెక్కలకు కంప్యూటర్లు, వెబ్‌ల్యాండ్, 2015లో మీభూమి పోర్టల్, 2020 డిసెంబరులో డ్రోన్లతో రీసర్వే. 2022లో రాయచోటి జిల్లా కేంద్రమైంది. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి దస్త్రాలు కాలాయి. మళ్లీ జూలైయే.

కువైట్‌కు పోకుండా బెంగుళూరు దారి పట్టిన రాయచోటి కుర్రాళ్లకు స్థితి రాసిపెట్టి, గీత దాటితే కేకవేసే ఈ పని మరో వేషంలో ఎదురవుతుంది. 1999లో ఈథన్ గాల్‌స్టాడ్ నెట్‌సెయింట్ పేరుతో రాసిన, తర్వాత నాగియోస్‌గా మారిన ప్రోగ్రాము సర్వర్లను విడవకుండా పలకరిస్తూ ఒక ఫైలులో స్థితి రాస్తుంది. 0 అంటే క్షేమం, 1 అంటే జాగ్రత్త, 2 అంటే ప్రమాదం. ఒకటికీ రెండుకీ గీతలు ముందే గీసి ఉంటాయి. 3 అంటే తెలియదు. కరణాల అడంగల్‌లో ఆ చివరి గడి ఉంటే ఎన్ని అబద్ధాలు తప్పేవో!

వేల పంక్తుల ఆ ఫైలును మనిషి చదవలేడు. అందుకని పెర్ల్ భాషలో నాగియోస్ స్టేటస్‌లాగ్ అనే మాడ్యూలు ఉంది. ఫలానా యంత్రంలో ఫలానా సేవ ఎలా ఉందని అడిగితే చెబుతుంది. ముందుగా ఫైలు పేరుతోపాటు అది నాగియోస్ ఏ వెర్షన్ రాసిందో కూడా చెప్పాలి. మొదటి వెర్షన్లో సెమికోలన్లతో విడగొట్టిన వరుసలు, రెండో వెర్షన్ నుంచి మీసాల బ్రాకెట్ల మధ్య దొంతరలు. కరణం కరణానికీ దస్తూరి మారినట్టే ఇదీ. పైగా అప్‌డేట్ చేయమని మనం అడగకపోతే, మొదట చదివిన పాత కబురే చెబుతూ కూర్చుంటుంది.

ఆ ఫైల్లో వేళ రాసే తీరు ఇంకో చిత్రం. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు, పదంకెల సంఖ్యగా. 32 బిట్ల యంత్రాల్లో ఈ లెక్క 2038 జనవరి 19న, మన గడియారంలో ఉదయం 8.44కు నిండిపోతుంది. తహసీల్దారు కచేరీలో అప్పుడు 1447 ఫసలీ నడుస్తుంటుంది. అక్బరు కాలం నాటి ఆ లెక్కకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు.