జాకీ ఎక్కిన వాల్కిరీ

గ్యారేజీ తలుపు సగం దాకా లేచి ఉంది. టెక్సస్‌లోని ఫ్రిస్కో, ఫిబ్రవరి శనివారం పొద్దున. సిమెంటు నేల చలి ప్యాంటులోంచి మోకాళ్ళకి ఎక్కుతోంది. మీ ఎదురుగా హోండా వాల్కిరీ సైడ్ స్టాండ్ మీద ఎడమ వైపుకి ఒరిగి ఉంది. తల వంచి దాని పొట్ట కిందకి టార్చి కొట్టండి.

ముందు కంటికి ఆనేవి ఎగ్జాస్టు గొట్టాలు. అటు మూడు సిలిండర్లు, ఇటు మూడు. వాటి నుంచి దిగిన గొట్టాలు ఇంజను కింద వంపు తిరిగి వెనక్కి వెళ్తాయి. మధ్యలో ఇంజను అడుగు భాగం, అందులో ఆయిలు. బండి బరువంతా మోసే ఫ్రేమ్ గొట్టాలు మాత్రం వీటికి కాస్త పైన దాక్కుని ఉన్నాయి. ఇక్కడే ఉంది చిక్కు. మామూలు జాకీని తోసి లేపితే దాని చేతులు ముందు తగిలేది ఫ్రేమ్‌కి కాదు, ఎగ్జాస్టుకో ఇంజను అడుక్కో. ఆ రెండూ బండిని మోయడానికి చేసినవి కావు.

టార్చి కొంచెం పక్కకి తిప్పండి. రెండు ఫ్రేమ్ గొట్టాలకీ బోల్టులతో బిగించిన నల్లటి ఉక్కు చట్రం కనిపిస్తుంది. దాని పాదాలు రెండూ చదునుగా, ఎగ్జాస్టు కన్నా వేలి మందం కిందకి దిగి ఉన్నాయి. జాకీ చేయి జారకుండా అంచులు కిందకి మడిచారు. ఈ బండితో పాటు ఊళ్ళు తిరిగి, వానలో తడిసి, బురద పట్టి, మళ్ళీ ఇక్కడికే వచ్చింది. దీన్ని లిఫ్ట్ అడాప్టర్ అంటారు. బండిని లేపాల్సి వచ్చినప్పుడు మాత్రమే తెచ్చి పెట్టే విడి అడాప్టర్లూ ఉన్నాయి. ఇది అలాంటిది కాదు, బండికి శాశ్వతంగా ఉండిపోయేది.

"తమ్ముడూ, ఎడమ పక్కకి వచ్చి హ్యాండిల్ పట్టుకో," అంటాడు బండి యజమాని. మీరు పని చేసే ఆఫీసులోనే సీనియరు, తెనాలి మనిషి. "నేను చెప్పేదాకా వదలకు."

"అలాగే అన్నా."

పట్టుకోగానే బరువు తెలుస్తుంది. పెట్రోలూ ఆయిలూ లేకుండానే ఈ బండి 309 కిలోలు. అవి కూడా పోస్తే ఇంకో ఇరవై కిలోల పైమాటే. 1520 సీసీ ఇంజను, ఆరు సిలిండర్లు, ఆరు కార్బురేటర్లు. హోండాదే మరో బండి గోల్డ్‌వింగ్ జీఎల్1500 నుంచి తెచ్చిన ఇంజనే ఇది. ఈ బండి 1997 మోడల్‌తో మొదలై 2003 మోడల్‌తో ఆగిపోయింది. ఒహాయో రాష్ట్రంలో మేరీస్‌విల్ అనే ఊళ్ళోని హోండా ఫ్యాక్టరీలో తయారైంది. గోల్డ్‌వింగ్‌కి డబుల్ స్టాండ్ ఉంది, దీనికి లేదు. మన ఊళ్ళో బుల్లెట్ మెకానిక్ బండిని వెనక్కి ఒక్క గుంజు గుంజి డబుల్ స్టాండ్ వేసి, వెనక చక్రం గాల్లో తిప్పుతూ పని మొదలుపెడతాడు. ఇక్కడ ఆ వీలు లేదు. చక్రం ఊడదీయాలంటే ఎవరో ఒకరు కింద నుంచి ఎత్తాల్సిందే.

ఇవాళ్టి పని వెనక టైరు మార్చడం. దాంతో పాటు వెనక చక్రం దగ్గరున్న స్ప్లైన్ పళ్ళకి కొత్త పేస్టు పెట్టాలి. ఈ బండికి చైను లేదు, ఇంజను శక్తి షాఫ్టు ద్వారా చక్రానికి చేరుతుంది. టైరు మార్చిన ప్రతిసారీ ఆ పళ్ళని చూసి తీరాలని వాల్కిరీ నడిపేవాళ్ళు పట్టుబడతారు. పట్టుబట్టాలి కూడా. ఎందుకో కాసేపట్లో మీరే చూస్తారు.

లేపకముందే చేయాల్సిన పనులున్నాయి. బండి నేల మీద ఉండగానే ఇరుసు నట్టుని ఒక్క పట్టు వదులు చేస్తాడు అన్న. గాల్లో ఉన్న బండి మీద పొడుగు పానా వేసి బలమంతా పెట్టి లాగడం ప్రమాదం. ముందు బ్రేకు లీవరుని గుడ్డ పట్టీతో బిగించి కడతాడు. ముందు చక్రానికి రెండు వైపులా అడ్డుచెక్కలు పెడతాడు. తర్వాత సైడ్ స్టాండ్ కింద పలక ముక్క దూరుస్తాడు. బండి ఎంత నిటారుగా ఉంటే జాకీకి అంత తేలిక. ఇక్కడి ఇళ్ళలో గ్యారేజీ నేల తలుపు వైపుకి కొంచెం వాలుగా ఉంటుంది, జాకీ చక్రాలకి తాళం వేయకపోతే అది తన దారిన తాను కదులుతుంది. అందుకే నాలుగు చక్రాలూ మీటి చూస్తాడు.

ఎర్ర రంగు జాకీ కుడి వైపు నుంచి కిందకి వెళ్తుంది. 1500 పౌండ్లు, అంటే 680 కిలోల దాకా మోయగలది. కాలితో తొక్కే హైడ్రాలిక్ జాకీ. రెండు చేతుల మీదా నల్లటి రబ్బరు.

"వంగి చూడు తమ్ముడూ, ఎంత దూరం?"

హ్యాండిల్ వదలకుండానే మీరు మెడ వంచి చూస్తారు. ఎడమ పాదానికీ రబ్బరుకీ మధ్య రెండు వేళ్ళ సందు. అన్న పెడల్ మెల్లగా తొక్కుతాడు. సందు ఒక వేలు. ఇంకో తొక్కు. రబ్బరు మీద వెలుగు గీత సన్నబడుతుంది, తర్వాత మాయమవుతుంది. బండి ఎడమకి ఒరిగి ఉంది కాబట్టి ముందు ఎడమ పాదమే ఆనింది. మరో తొక్కుకి హ్యాండిల్ మీ అరచేతిలో కదులుతుంది. బండి తనంతట తాను నిటారవుతోంది. కుడి పాదం కూడా ఆనింది. సైడ్ స్టాండ్ పలక మీద నుంచి లేచింది. మీ చేతుల మీద ఉన్న బరువు ఎక్కడికో పోయింది.

విడి అడాప్టర్ అయితే ఈ రెండు నిమిషాలే కష్టకాలం. దాన్ని జాకీ మీద పెట్టుకుని, నేల మీద వెల్లకిలా పడుకుని, చేయి లోపలికి పెట్టి, ఫ్రేమ్‌కి సరిగ్గా కుదిరిందా లేదా చూడాలి. కుదరకపోతే దించాలి, సర్దాలి, మళ్ళీ లేపాలి. ఆ సమయమంతా మూడొందల కిలోల పైబడిన బండి మీ చేతి పైన వాలి ఉంటుంది. అడాప్టర్ లేకుండా జాకీ మీద చెక్క దుంగలు పెట్టి లేపేవాళ్ళూ ఉన్నారు, లేస్తుంది కూడా. కానీ దుంగ పగిలినా పక్కకి జరిగినా పట్టుకోవడానికి ఏమీ ఉండదు. నా మటుకు నాకు శాశ్వతంగా బిగించిన అడాప్టరే సరైన పద్ధతి. ఎక్కడ ఎత్తాలో ఒక్కసారి, తీరిగ్గా, కొలతలు చూసుకుని నిర్ణయించుకున్నట్టు. ఆ తర్వాత చీకట్లో తడుముకోవడం లేదు, చేయి కింద పెట్టడం లేదు.

"ఇప్పుడు వదులు. మెల్లగా."

వదులుతారు. బండి నిలబడే ఉంది. అన్న టార్చి తీసుకుని కుడి వైపు ఒకసారి, ఎడమ వైపు ఒకసారి చూసి, పాదాల అంచులు రబ్బరుని పట్టుకున్నాయో లేదో వేలితో తడిమి చూస్తాడు. రెండు పక్కలా ర్యాచెట్ పట్టీలు ఫ్రేమ్ నుంచి జాకీ కొక్కేలకి వేసి బిగిస్తాడు. అప్పుడు గానీ పైకి తొక్కడు. వెనక చక్రం నేల వదిలింది. మడ్‌గార్డు కింద నుంచి చక్రం బయటికి రావాలంటే ఇంకా ఎత్తు కావాలి. తొక్కుతూనే ఉంటాడు. తగినంత లేచాక జాకీ తాళపు కడ్డీని దించి, బరువుని ఆయిలు మీద నుంచి ఆ ఇనుము మీదకి వదులుతాడు. హైడ్రాలిక్ సీలు ఎప్పుడు కారుతుందో ఎవరికీ తెలియదు. కడ్డీకి ఆ భయం లేదు.

"వెనక సీటు పట్టుకుని ఊపి చూడు."

ఊపుతారు. బండీ జాకీ కలిసి ఒక్కటిగా కదులుతాయి తప్ప మధ్యలో వదులు లేదు.

చక్రం తీసే ముందు ఇంకో జాగ్రత్త. వెనక చక్రం ఊడిన క్షణం నుంచి బండి తక్కెడలో ఒక పళ్ళెం ఖాళీ అయినట్టే, ముందు భాగం కిందకి దిగాలని చూస్తుంది. అందుకే ముందు చక్రం కింద పలకలు పేర్చి సందు లేకుండా చేస్తాడు. తర్వాత బ్రేకు కాలిపర్, ఇరుసు. చక్రాన్ని పక్కకి లాగితే పళ్ళ జత విడిపోతుంది. మీరు రెండు చేతులతో పట్టుకుని బయటికి దొర్లిస్తారు.

ఇప్పుడు దగ్గరికి రండి. చక్రానికి బిగిసి ఉన్న ఫ్లాంజ్ మధ్యలో గుండ్రంగా సన్నటి ఉక్కు పళ్ళు. పాత పేస్టు ఎండి నల్లగా అట్టకట్టింది. మొదళ్ళలో ఎర్రటి పొడి మెరుస్తోంది. అది తుప్పు. తడి ఆరిన ఉక్కు ఉక్కుతో రాసుకుంటే రాలేది అదే. అన్న గుడ్డతో తుడిచి, పాత టూత్‌బ్రష్‌తో పంటి పంటికీ రుద్ది, పళ్ళ కొసలని వెలుతురుకి పట్టి చూపిస్తాడు. కొసలు చదునుగా ఉన్నాయి. "ఇవి మొనదేలాయంటే పని అయిపోయినట్టే. కొత్తది కొనాలి," అంటాడు. తర్వాత మాలీ పేస్టు. మాలిబ్డినం డైసల్ఫైడ్ పాళ్ళు ఎక్కువ ఉన్న నల్లటి ముద్ద. మామూలు గ్రీజు ఇక్కడ నిలవదు, ఒత్తిడికి పక్కకి పోతుంది. కుంచెతో పలచగా, అన్ని వైపులా సమానంగా పూస్తాడు. ఓ-రింగులు కొత్తవి వేస్తాడు. ఈ పావుగంట ఓపిక కోసమే బండి గాల్లో ఉంది. ఎత్తడం కష్టమైతే మనిషి ఈ పని వాయిదా వేస్తాడు, వాయిదా వేసిన పని పళ్ళని తినేస్తుంది. ఎత్తడం తేలికైతేనే మనిషి సమయానికి చేస్తాడు.

కొత్త టైరు ఎక్కించిన చక్రం లోపలికి వెళ్తుంది. షాఫ్టు చివర ఉండే ఫైనల్ డ్రైవ్ నట్లు వదులుగానే ఉంచి, ఇరుసు దూర్చి బిగించాక, ఆ నట్లని బిగిస్తాడు. అలా చేస్తే పళ్ళు ఒకదానికొకటి తిన్నగా కుదురుకుంటాయి. టార్క్ రెంచ్ ప్రతిచోటా ఒక్కసారి టక్కుమంటుంది.

దించేటప్పుడు తొందర కూడదు. ముందు చక్రం కింది పలకలు తీసేశాడు. పట్టీలు ఇంకా ఉన్నాయి.

"సైడ్ స్టాండ్ దించావా?"

"దించాను అన్నా."

"చెయ్యి పెట్టి చూడు."

చూస్తారు. ముందుకి పూర్తిగా తెరుచుకుని ఉంది. అన్న జాకీని ఒక తొక్కు పైకి లేపి తాళపు కడ్డీ తీసి, వదిలే పెడల్ మీద బొటనవేలు మాత్రమే ఆనించి నొక్కుతాడు. బరువైన బండి కింద ఆ పెడల్ గట్టిగా తొక్కితే జాకీ దభాలున దిగుతుంది. ఇది అంగుళం అంగుళంగా దిగుతోంది. టైర్లు నేలని తాకాక పట్టీలు వదులవుతాయి. కొక్కేలు తీసి మీరు హ్యాండిల్ పట్టుకుని ఎడమకి ఒరగనిస్తారు. స్టాండ్ నేలకి ఆనుతుంది.

అడాప్టర్ ఉండటం వల్ల బండి కింద జాగా వేలి మందం తగ్గుతుంది, ఆ మాట దాచాల్సిన పని లేదు. ఇక్కడి నున్నటి రోడ్ల మీద తేడా తెలియదు. మన ఊళ్ళో స్పీడ్ బ్రేకర్ల మీద మాత్రం తగులుతుంది, అక్కడ పెద్ద బండి నడిపేవాళ్ళు కొలిచి చూసుకుని బిగించుకోవాలి. డబుల్ స్టాండ్ లేని బండి ఏదైనా కొంటే, మొదటి వారంలోనే టార్చి తీసుకుని కిందకి చూడండి. ఫ్రేమ్ ఎక్కడుందో, ఎగ్జాస్టు ఎక్కడుందో గుర్తుపట్టి, ఆ మోడల్‌కి సరిపోయే అడాప్టర్ ఏదో కనుక్కోండి. బిగించాక టైరు మార్చిన ప్రతిసారీ దాని బోల్టుల మీద టార్క్ రెంచ్ వేయడం మరవకండి.