ఉక్కును కాచిన విషము

పులుసును ఇనుపపాత్రలో నిలువయుంచరాదని మన గృహిణు లెఱుగుదురు. పులుపు లోహమును తినును. చమురుబావులవారికిని ఈ చిక్కే యెదురయ్యెను.

సున్నపురాతిలో చిక్కిన నూనెను హైడ్రోక్లోరిక్ ఆమ్లముతో విడిపించు పద్ధతికి అమెరికాలో హెర్మన్ ఫ్రాష్ 1896లోనే పేటెంటు పొందెను. కాని రాతిని కరగించు ఆమ్లము ఉక్కుగొట్టములనుగూడ తినుటచే ఆ పద్ధతి మూలబడెను.

1932లో మిచిగన్ రాష్ట్రమున డౌ కంపెనీవారు ఆమ్లమున కొలదిగా ఆర్సెనిక్ అను విషద్రవ్యమును చేర్చిరి. అది ఉక్కుపై పలుచని పొరయై ఆమ్లపు కాటును మందగింపజేసెను. రాయి మాత్రము కరగెను. అంతవఱకు నిష్ఫలమైన బావి దినమునకు 16 పీపాల నూనె నిచ్చెను.

అయినను ఆర్సెనిక్ మనుష్యులకు ప్రాణాంతకము. కావున పిదప నత్రజని గల కర్బనద్రవ్యములు దాని స్థానము నాక్రమించెను. వాని అణువులు లోహము నంటి కవచమువలె కాచును.

ఇనుమును కాచుట చాలదు. దానితో పనిచేయువానినిగూడ కాచవలెను. ఈ చరిత్రలో నాకు గోచరించిన నీతి యిదియే.