బృహద్ధమని ఆపరేషనుకు ముందు రెండో డాక్టరు మాట: కొంత చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యవర్గం వారు కోరారు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ సభ్యులం నలుగురం కలిస్తే చరిత్ర కంటే ఎక్కువగా మాట్లాడుకునేది బి.పి., షుగరు, స్కానింగుల గురించే. కనుక రెండూ కలిసివచ్చే విషయమే ఎంచుకున్నాను.

అశోక్‌నగర్‌లో ఉంటున్న మన సభ్యులొకరికి డెబ్బై మూడేళ్లు. వేరే కారణానికి కడుపు స్కానింగు తీయిస్తే అయోర్టా 4.6 సెంటీమీటర్లకు ఉబ్బి ఉందని తేలింది. త్వరగా పెద్ద ఆపరేషను చేయించుకొమ్మన్నారు. ఇంకొకరికి కూడా చూపిద్దామని ఇంట్లోవాళ్లు అంటే ఆయనకు మొహమాటం అడ్డువచ్చింది. "ఇంత శ్రద్ధగా చూసిన డాక్టరు గారు ఏమనుకుంటారండీ?" అని సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర నాతో అన్నారు. మనలో చాలామందికి ఉన్న మొహమాటమే అది. పై అధికారి సంతకం చేసిన ఫైలును మళ్లీ తెరవడానికి జంకిన తరం గదా మనది!

అయోర్టాను తెలుగులో బృహద్ధమని అంటారు. గుండె నుంచి బయలుదేరి, ఛాతీలో వంపు తిరిగి, వెన్నెముక పక్కగా కడుపులోకి దిగి, బొడ్డు దగ్గర రెండుగా చీలే ప్రధాన రక్తనాళం ఇది. కడుపులో దాని వెడల్పు మామూలుగా 2 సెంటీమీటర్లు. 3 దాటితే అన్యూరిజం అంటారు. సైకిలు ట్యూబు ఒకచోట పల్చబడి ఉబ్బినట్టన్న మాట. పొగతాగే అలవాటున్న మగవాళ్లలో, అరవై అయిదు దాటాక ఎక్కువగా కనిపిస్తుంది. నొప్పి ఉండదు, జాడ తెలియదు. పగిలితే మాత్రం చాలామంది ఆసుపత్రికి చేరకముందే పోతారు. ఆపరేషనులోనూ ప్రాణభయం ఉంది. ఎప్పుడు చేయాలి, ఎవరికి చేయాలి అన్న ప్రశ్నకు వైద్యులకే జవాబు దొరకడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

ఆ కథలోకి వెళ్లేముందు మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. వైద్యంలో రెండో అభిప్రాయం కోరిన ప్రసిద్ధ సందర్భాల్లో ఒకటి హైదరాబాదులోనే జరిగింది. ఆపరేషనుకు మత్తు ఇవ్వడానికి క్లోరోఫారం వాడే రోజులవి. బల్లమీదనే కొందరు చనిపోయేవారు. ముందు ఆగేది గుండెనా, శ్వాసనా అన్నది తగాదా. ఇక్కడి రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ శ్వాసను గమనిస్తే చాలునని వాదించి, 1888లో అఫ్జల్‌గంజ్ దవాఖానాలో ఒక కమిషను ద్వారా పరీక్షలు చేయించాడు. లండనులోని లాన్సెట్ పత్రిక ఆ ఫలితాన్ని నమ్మలేదు. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌన్లు ఇచ్చి, మీ మనిషినే పంపి చూసుకోండని కబురు చేసింది. 1889లో లాడర్ బ్రంటన్ అనే పెద్ద వైద్యుడు వచ్చి, వందలాది జంతువుల మీద పరీక్షలు చూసి, తన పాత అభిప్రాయం మార్చుకుని లారీతో ఏకీభవించాడు.

ఇంతవరకూ అందరూ గర్వంగా చెప్పుకునేదే. తరువాయి భాగం తక్కువగా చెబుతారు. 1911లో లెవీ అనే వైద్యుడు, క్లోరోఫారం తేలిక మోతాదులో ఉన్నప్పుడు గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోగలదని నిరూపించాడు. అంటే రెండో అభిప్రాయం కూడా తప్పే. అదే ఊళ్లో, అదే పద్ధతిలో, అదే ప్రశ్నను మళ్లీ అడిగితే అదే జవాబు వచ్చింది. ఒక డాక్టరు మాటను ఆయన స్నేహితుడి చేతనే ఖాయం చేయించుకుని తృప్తిపడే వాళ్లు ఈ సంగతి గమనించాలి.

ఇక అయోర్టా విషయం. ఈ జబ్బుతో పోయిన వారిలో జగత్ప్రసిద్ధుడు ఐన్‌స్టీన్. 1948 డిసెంబరులో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జను ఆయన కడుపు తెరిచి చూస్తే, పెద్ద పంపరపనస కాయంత అన్యూరిజం కనిపించింది. దాన్ని తీసి వేరేది కుట్టే పద్ధతి అప్పటికి లేదు. సెల్లోఫేను కాగితం చుట్టి మూసేశారు. చుట్టూ మచ్చకండ పెరిగి గోడ గట్టిపడుతుందని ఆశ. ఆరేళ్ల పైన గడిచింది. 1955 ఏప్రిల్‌లో అది కారడం మొదలైంది. న్యూయార్కు నుంచి ఫ్రాంక్ గ్లెన్ అనే సర్జనును పిలిపించారు. ఆపరేషను చేయవచ్చునని ఆయన అన్నాడు. 76 ఏళ్ల ఐన్‌స్టీన్ వద్దన్నారు. ఏప్రిల్ 18న కన్నుమూశారు. ఆపరేషను చేసి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. అయోర్టా ఉబ్బును కోసి తీసి, చనిపోయిన మనిషి నుంచి తెచ్చిన నాళాన్ని అమర్చే పని పారిస్‌లో చార్లెస్ డ్యూబో 1951లో చేసి చూపాడు. దానికి అప్పటికి నాలుగేళ్లే.

తరువాత హ్యూస్టనులో మైకేల్ డిబేకీ డాక్రాను గుడ్డతో గొట్టాలు తయారు చేశాడు. మొదటివి భార్య కుట్టుమిషను మీద ఆయనే కుట్టాడంటారు. గుడ్డ గొట్టం చేతికి వచ్చాక ఆపరేషన్లు ఊపందుకున్నాయి. మన ఉద్యోగాల రోజుల్లో ఇక్కడి వారికి పెద్ద గుండె ఆపరేషనంటే వేలూరో, పెరంబూరు రైల్వే ఆసుపత్రో. 1984లో మన ముఖ్యమంత్రి ఎన్.టి.ఆర్. ఇందుకోసం అమెరికా వెళ్లి, తిరిగి వచ్చీ రాగానే పదవి పోగొట్టుకుని, మరుసటి నెలలో తిరిగి తెచ్చుకోవడం అందరికీ గుర్తే. రెండో మాట అడిగే అవకాశమే తక్కువ. రైలు టిక్కెట్టు దొరకడమే గొప్ప.

అమెరికాలో మాత్రం ఇన్ని ఆపరేషన్లు అవసరమా అన్న అనుమానం పుట్టింది. 1970లలో న్యూయార్కులో యూజిన్ మెకార్తీ అనే వైద్యుడు, ఆపరేషను చెప్పిన రోగులను రెండో నిపుణుడికి చూపించే ఏర్పాటు చేశాడు. 1974లో ఫలితాలు ప్రకటించాడు. రెండో నిపుణుడు అవసరం లేదన్న కేసులు తేలికగా తీసేసేటన్ని కావు. ఆ తరువాత కొన్ని బీమా సంస్థలు రెండో మాటను తప్పనిసరి కూడా చేశాయి. దీనిలో డాక్టరును అవమానించడం ఏమీ లేదని అక్కడ అలవాటైపోయింది.

మన సభ్యునికి పనికొచ్చిన అసలు సంగతి బ్రిటన్‌లో తేలింది. 4 నుంచి 5.5 సెంటీమీటర్ల ఉబ్బు ఉన్న 1090 మందిని 1991 నుంచి చేర్చుకుని, సగం మందికి వెంటనే ఆపరేషను చేశారు. మిగతావారికి క్రమం తప్పకుండా స్కానింగు తీస్తూ, పెరిగితేనే చేశారు. 1998లో ఫలితం వచ్చింది. వెంటనే చేయించుకున్నవారు ఎక్కువకాలం ఏమీ బతకలేదు. వారిలో నూటికి దాదాపు ఆరుగురు నెలలోపే పోయారు. ఆగినవారిలో సగానికి పైగా తరువాత ఎప్పుడో ఆపరేషను చేయించుకోవలసి వచ్చిన మాట నిజమే. 2002లో అమెరికా మాజీ సైనికుల మీద జరిగిన పరీక్షలోనూ ఇదే తేలింది. అందుకే మగవారికి 5.5, ఆడవారికి సుమారు 5 సెంటీమీటర్ల దాకా, నొప్పి లేకపోతే, వేగంగా పెరగకపోతే ఆగవచ్చునంటారు. ఛాతీలోని అయోర్టాకు లెక్కలు వేరు. మార్ఫాన్ వంటి వంశపారంపర్య జబ్బులున్న కుటుంబాలకు మరీ వేరు.

మన మిత్రుడు చివరికి కొడుకు పోరు పడలేక రెండో చోట చూపించుకున్నారు. ఆరు నెలలకొకసారి స్కానింగు, బి.పి. అదుపు, సిగరెట్టు బందు, అన్నారు. సిగరెట్టు దగ్గరే ఆయనకు ఎక్కువ బాధ కలిగింది.

చేయాల్సి వచ్చినప్పుడు కూడా దారి ఒకటి కాదు. 1987లో ఖార్కివ్‌లో వోలోదోస్, 1990లో బ్యూనస్ ఎయిరిస్‌లో పరోది, గజ్జ దగ్గరి నాళంలోంచి గొట్టాన్ని లోపలికి పంపే పద్ధతి మొదలుపెట్టారు. కడుపు కోయనక్కరలేదు. 2004లో వెలువడిన బ్రిటన్ పరీక్ష ప్రకారం నెలలోపు మరణాలు కోతలో నూటికి 4.7, ఈ పద్ధతిలో 1.7. ఏళ్లు గడిచేకొద్దీ ఆ లాభం కరిగిపోయింది. గొట్టం పక్కనుంచి కారడం, మళ్లీ సరిచేయవలసి రావడం ఉన్నాయి. కనుక ఏటేటా స్కానింగు తప్పదు. కోత సర్జను కోత అంటాడు, గొట్టం వైద్యుడు గొట్టం అంటాడు. రెండూ చేసేచోట అడిగితేనే తేడా తెలుస్తుంది. వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, సి.టి. స్కాన్ సి.డి. కూడా తీసుకువెళ్లాలి. మొదటి డాక్టరు చెప్పింది ముందే చెప్పేయకుండా, "ఇప్పుడే ఎందుకు? ఆగితే ఏమవుతుంది? ఇటువంటివి మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు?" అని అడగవచ్చు. మంచి వైద్యులు వీటికి నొచ్చుకోరు.

డిబేకీ సంగతి ఇంకొంచెం ఉంది. 2005 డిసెంబరు 31న, 97 ఏళ్ల వయసులో, ఆయన అయోర్టాయే లోపల చీలింది. తానే ప్రసిద్ధం చేసిన ఆపరేషను తనకు వద్దని చాలా రోజులు మొండికేశాడు. వద్దని రాసి సంతకం కూడా పెట్టాడు. తరువాత స్పృహ తప్పింది. ఆయన కోరికను మన్నించాలా వద్దా అని ఆసుపత్రి నైతిక సంఘం చర్చిస్తుంటే, భార్య వచ్చి ఇంక ఆలస్యం చేయవద్దని పట్టుబట్టింది. 2006 ఫిబ్రవరిలో ఆయన సహచరుడు జార్జి నూన్ ఆపరేషను చేశాడు. నెలల తరబడి ఆసుపత్రిలోనే ఉండి కోలుకున్నాడు. చేసినందుకు సంతోషమే అన్నాడు. 2008 జులైలో, వందకు రెండు నెలలు తక్కువగా, కన్నుమూశాడు.

ఆ చీలిక విషయంలో మాత్రం రెండో మాటకు వ్యవధి ఉండదు. ఛాతీలోగాని వీపులోగాని చీల్చుతున్నట్టు హఠాత్తుగా నొప్పి వచ్చినా, ఉబ్బు ఉందని తెలిసినవారికి కడుపులోనో నడుములోనో తీవ్రమైన నొప్పి వచ్చి కళ్లు తిరిగినా, గుండెకు దగ్గరి భాగంలో చీలికైతే గంట గడిచేకొద్దీ మరణం దగ్గరపడుతుంది. అప్పుడు ఫైలు, సి.డి. వెదుక్కోకుండా 108కి ఫోను చేసి, అయోర్టా ఆపరేషను చేసే సర్జనున్న ఆసుపత్రికే నేరుగా తీసుకువెళ్లమని చెప్పాలి. ఆ ఆసుపత్రి పేరు ఇప్పుడే ఒక కాగితం మీద రాసి, పింఛను పుస్తకంలో పెట్టుకుంటే సరి.