మరణకాల నిర్ణయమున సూక్ష్మజీవుల సాక్ష్యము

మరణించి ఎంతకాలమైనదను ప్రశ్న నేరపరిశోధనమునకు ఆయువుపట్టు. దేహము చల్లబడుటను, కొయ్యబారుటను చూచి వైద్యులు కాలము గణించుచుండిరి గాని, ఆ గుర్తులు రెండు మూడు దినములలో మాసిపోవును. అటుపిమ్మట కీటకములే దిక్కు. 1247లో చీనా న్యాయాధికారి సాంగ్ త్సు రచించిన గ్రంథమున, కొడవలిపై ఈగలు వ్రాలుటనుబట్టి హంతకుని పట్టిన ఉదంతము కలదు. 1894లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మెన్యాన్ శవముపైకి కీటకములు ఎనిమిది విడతలుగా చేరునని వివరించెను.

కుళ్ళుటకు కారణము సూక్ష్మజీవులని పాశ్చరు చూపినను, 1885లో జర్మను వైద్యుడు బ్రీగర్ కుళ్ళుటచే పుట్టు పుట్రెసిన్, కడావరిన్ అను ద్రవ్యములను వర్ణించినను, ఆ జీవులచేతనే కాలము చెప్పింపవచ్చునను ఊహ చిరకాలము పొడచూపలేదు. ఏలయన వానిలో పెక్కింటిని ప్రయోగశాలలో పెంచుట దుస్సాధ్యము.

దేహక్షయమును గూర్చిన జ్ఞానమెంత కొరవడియుండెనో 1977లో అమెరికాలోని టెన్నెస్సీ రాష్ట్రమున వెల్లడియైనది. ఎవరో త్రవ్వివేసిన సమాధిలో, మాంసమింకను గులాబివన్నె వీడని దేహమును పరీక్షించి, మానవశాస్త్రాచార్యుడు విలియం బాస్, మరణించి యేడాదియైనను కాలేదని తలంచెను. తీరా విచారింపగా అది 1864లో నాష్‌విల్ యుద్ధమున నేలకొరిగిన కర్నల్ షై దేహమనియు, లేపనముచేతను ఇనుప శవపేటికచేతను చెడక నిలిచెననియు తేలినది. 113 ఏండ్ల పొరపాటు! ఆయన దానిని దాచలేదు. కొలదికాలమునకే నాక్స్‌విల్‌లో, దానముగా లభించిన దేహములను ఆరుబయట నుంచి క్షయక్రమమును పరిశీలించు క్షేత్రమును నెలకొల్పెను. ఇట్టి నిజాయితీయే శాస్త్రమునకు ప్రాణము.

జన్యుక్రమమును చదువు యంత్రములు చౌకయైన పిమ్మట, పెంపకముతో పనిలేకయే సూక్ష్మజీవుల జాబితా తీయుట సాధ్యమైనది. ప్రాణవాయువు అడుగంటగనే, అది లేకయే బ్రతుకగల ప్రేవులలోని బాక్టీరియా విజృంభించి ఉదరమును ఉబ్బించును; అది పగిలి ద్రవములు నేలకు దిగగా, మట్టి క్షారగుణము పొంది, ఒక తెగ అణగి మరియొక తెగ తలయెత్తును. 2013లో కొలరాడో పరిశోధకులు చుంచుల కళేబరములను 48 దినములు పరిశీలించి, ఈ మార్పులనుబట్టి మరణకాలమును సుమారు మూడు దినముల తేడాలో చెప్పగలిగిరి. 2024లో ప్రకటితమైన పరిశోధనము మరింత విశేషమైనది: టెన్నెస్సీ, టెక్సాస్, కొలరాడోలలో 36 మానవదేహములను 21 దినములు పరీక్షింపగా, శీతోష్ణములు వేరైనను క్షయకారక జీవులు చాలవరకు ఒక్కటియేయని తేలినది; వానిలో కొన్నిటిని ఈగలే మోసికొనివచ్చునట్లు తోచుచున్నది.

అయినను జీవులు ఒక్కటియైనంతమాత్రమున వాని వేగ మొక్కటి కానేరదు. వేడిమి దానిని శాసించును. కావున మన గ్రీష్మమునను వర్షర్తువునను దేహము చెడు వేగమును ఇచ్చటనే కొలువనిదే, అమెరికా నేలపై సిద్ధమైన గణనను మన న్యాయస్థానములు ప్రమాణముగా గైకొనరాదు.