పేరులోనే ఎరుపున్న జబ్బు

రొజేషియా అనేది ముక్కు, బుగ్గలు, నుదురు, గడ్డం మీద కనిపించి, తగ్గినట్టే తగ్గి మళ్లీ రేగే దీర్ఘకాలిక చర్మవ్యాధి. దానికి పేరు రంగును బట్టి వచ్చింది: 14వ శతాబ్దపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు గీ ద షోలియాక్ దానిని గులాబీ బొట్టు అని అర్థమిచ్చే మాటతో పేర్కొనగా, 19వ శతాబ్దారంభంలో లండన్ వైద్యుడు థామస్ బేట్‌మన్ మొటిమల వర్గంలో చేర్చినప్పుడు కూడా ఆ గులాబీని వదలలేదు. చూసినవారూ చూపించుకున్నవారూ తెల్లజాతివారే కావడంతో ఎరుపే వ్యాధికి ఆనవాలుగా స్థిరపడి, ఇది కెల్టు జాతుల శాపమన్న నానుడి కూడా పుట్టింది.

ఈ వ్యాధి కంటికీ పాకుతుందని వియన్నా నేత్రవైద్యుడు ఫెర్డినాండ్ ఫాన్ ఆర్ల్ట్ 1864లో వర్ణించాడు. కీడు చాలావరకు రెప్పల అంచున, వెంట్రుకల మొదళ్ల వెనుక బారులు తీరి ఉండే మైబోమియన్ గ్రంథులలో మొదలవుతుంది. అవి ఆరోగ్యంగా ఉంటే రెప్పను మెల్లగా నొక్కినప్పుడు తేటనూనె చుక్క తేలుతుంది. చెడితే అదే నూనె పేరిన నెయ్యిలా చిక్కబడి, టూత్‌పేస్టులాగా సన్నని తీగై వెలికివస్తుంది. నూనె పూత లేని కన్నీరు త్వరగా ఆరిపోవడంతో కంట్లో ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది, రెప్పల మీద కురుపులు మళ్లీమళ్లీ లేస్తాయి, ముదిరితే కార్నియా అనే పారదర్శకమైన పొరలోకి రక్తనాళాలు పాకి, అది పలచబడి, అరుదుగా చిల్లుపడి చూపే పోతుంది.

నల్లని, చామనచాయ చర్మంలో మెలనిన్ అనే వర్ణద్రవ్యం ముఖపు ఎరుపును కప్పేస్తుంది కనుక, ఇలాంటి కన్ను ఎదుటికి వచ్చినా కారణం ముఖంలో వెతకాలన్న ఆలోచన వైద్యులకు సులభంగా తట్టదు. నల్లజాతివారిలో కంటి రొజేషియాను ప్రత్యేకంగా చర్చించిన ఒక వ్యాసం అమెరికా నేత్రవైద్య పత్రికలో 1986లో, అంటే ఆర్ల్ట్ తర్వాత 122 ఏళ్లకు, వెలువడింది. వారిలో ఈ జబ్బు అరుదన్న మాటలో కొంత నిజం ఉండవచ్చు గాని, కంటపడనిదాన్ని లేనిదిగా లెక్కకట్టడమే అందులో ఎక్కువ పాలు.

మందు అప్పటికే చేతిలో ఉండటం ఇందులోని విచిత్రం. వాపును అణచడానికి ఇచ్చే టెట్రాసైక్లిన్ వర్గంలో మొదటిదైన ఆరియోమైసిన్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు నాయకత్వం వహించిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి 1948లోనే వచ్చింది. ఇక నిర్ధారణ సంగతి: అమెరికా జాతీయ రొజేషియా సొసైటీ నిపుణులు 2017లో సవరించిన ప్రమాణాల ప్రకారం కూడా ముఖం మధ్యన నిలిచిపోయే ఎరుపు ఒక్కటే ఉంటే చాలు, కంటి లక్షణాలకు మాత్రం మరో ప్రధాన లక్షణం తోడు కావాలి.