తుమున్నర్థకం

"నేను నెల్లూరు వెళ్లడానికి కోరుకుంటున్నాను" అని బడిపిల్లలు అనువాదాల్లో రాస్తున్నారు. కలువాయి ఊళ్లో ఎవరినైనా అడగండి, "నెల్లూరికి పోవాలనుంది" అంటారు. ఇంగ్లీషు 'టు' కనిపించినచోటల్లా 'డానికి' తగిలిస్తే వచ్చే తిప్పలివి. చదవడానికి తేలిక, వినడానికి ఇంపు అన్నప్పుడు అది చక్కగా ఒదుగుతుంది. కోరుకోవడం ముందు ఒదగదు. 'చేయడానికి' అనే అర్థమిచ్చే రూపాన్ని మన వ్యాకరణం తుమున్నర్థకం అంటుంది. తుమున్ అనేది పాణిని చెప్పిన ప్రత్యయం. సంస్కృతంలో 'కర్తుం' అంటే చేయడానికి. పేరు అరువుదైనా రూపం అచ్చంగా మనదే: పోవన్, చేయన్. ఆ 'పోవ'కు 'వలయు' చేరి పోవలయు, పోవలె, చివరికి పోవాలి అయింది. చేయవచ్చు, చేయలేను, చేయవద్దు అన్నిటా ముందున్న 'చేయ' కూడా ఆ రూపమే. 'వలయు' అంటేనే కావలసి ఉండటం. పైన మళ్లీ కోరుకోవడం ఎందుకు? అయ్యవార్లూ, పిల్లల్ని ముందు ఇంట్లో మాట్లాడే తెలుగే రాయనివ్వండి.