నోటిఫికేషన్‌లో ఆ ‘డబ్ల్యూ’ ఎక్కడి నుంచి వచ్చింది? సర్కారు కొలువుల్లో ఆడవాళ్ల కథ

మలక్‌పేట నుంచి మాట్లాడుతున్నా. ఇక్కడి నుంచి మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్‌బీ నగర్ దాకా మెట్రో లైన్ కింద నడుచుకుంటూ పోతే ఎన్ని కోచింగ్ సెంటర్లు, ఎన్ని హాస్టళ్లు, ఎన్ని రీడింగ్ రూములు కనపడతాయో మీకు తెలుసు. ఈ వీడియో చూసేవాళ్లలో సగం మంది ఆ హాస్టళ్లలోనే ఉండి ఉంటారు.

గ్రూప్స్ నోటిఫికేషన్ పీడీఎఫ్ ఫోన్‌లో పడగానే మనం ముందు చూసేది సిలబస్ కాదు. ఖాళీల పట్టిక. మన కేటగిరీలో ఎన్ని పోస్టులు? చాలా ఏళ్లు ఆ పట్టికలో ప్రతి కేటగిరీ పక్కన ‘జనరల్’, ‘ఉమెన్’ అని రెండు గడులు ఉండేవి. ఆ ‘డబ్ల్యూ’ గడి చూసి అబ్బాయిలు గొణుక్కోవడం, అమ్మాయిలు లెక్కలు వేసుకోవడం, రాత్రి మెస్‌లో దాని మీద వాదన పెట్టుకోవడం మామూలే. ఆ వాదన నేనూ చాలాసార్లు విన్నా. కానీ ఆ గడి ఎప్పుడు పుట్టింది, ఎవరు పెట్టారు, దాన్ని తీసేయమని కోర్టుకు ఎవరు పోయారు అన్నది మాత్రం ఎవరూ మాట్లాడరు. ఇవాళ అదే మాట్లాడుకుందాం.

ముందు మనకు దగ్గర్లోనే ఉన్న ఒక పేరు చెప్తా. మలక్‌పేట దాటగానే చాదర్‌ఘాట్ కదా. 1880ల్లో నిజాం రాజ్యంలోని హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ అమ్మాయి చేరింది. ఆపరేషన్ చేసే ముందు క్లోరోఫాం ఇచ్చి మత్తులోకి పంపే పని నేర్చుకుంది. ప్రపంచంలోనే తొలి మహిళా అనస్థీషియా డాక్టర్లలో ఒకరిగా ఆమెను చెప్పుకుంటారు. రెసిడెన్సీ హాస్పిటల్‌లో, అంటే ఇప్పటి సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రిలో పనిచేసింది. తర్వాత చాదర్‌ఘాట్ హాస్పిటల్‌కు సూపరింటెండెంట్ అయింది. నూట పాతికేళ్ల కిందటి సంగతి ఇది.

మరి అప్పటి సమాజం అంత ఉదారంగా ఉండేదా? అదేం లేదు. పరదాలో ఉండే ఆడవాళ్లు మగ డాక్టరు దగ్గరికి రారు. కాబట్టి లేడీ డాక్టరు కావాలి, నర్సు కావాలి, ఆడపిల్లల బడికి పంతులమ్మ కావాలి. అంటే సర్కారు తలుపు తెరిచింది గానీ, ‘ఇది ఆడవాళ్లు చేయాల్సిన పని’ అని రాసి ఉన్న తలుపు ఒక్కటే తెరిచింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. వందేళ్ల తర్వాత ఒక రూల్ పుస్తకంలో ఇదే మాట మళ్లీ కనపడుతుంది.

ఇప్పుడు స్వాతంత్ర్యం తర్వాతకి వద్దాం. రాజ్యాంగంలో 16వ అధికరణం ఏం చెప్తుంది? ప్రభుత్వ ఉద్యోగాల్లో లింగం ఆధారంగా వివక్ష ఉండకూడదు. 1950 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. పేపర్ మీద గొడవ అయిపోయినట్టే.

కానీ 1951లో అన్నా రాజం అనే కేరళ అమ్మాయి ఐఏఎస్ పరీక్ష పాసైంది. ఇంటర్వ్యూ బోర్డు వాళ్లు ఆమెతో, ‘విదేశాంగ సర్వీసో, సెంట్రల్ సర్వీసో తీసుకోరాదా, ఆడవాళ్లకు అవే బాగుంటాయి’ అన్నారు. ఆమె వినలేదు. మద్రాస్ కేడర్ తీసుకుంది. అప్పటికి కోస్తా, రాయలసీమ కూడా మద్రాస్ రాష్ట్రంలోనే ఉన్నాయి. ఆమె అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ఒక షరతు ఉంది. పెళ్లి చేసుకుంటే సర్వీసు రద్దవుతుందని. మీరు సరిగ్గానే విన్నారు. ఆ తర్వాత జిల్లాకి పంపాల్సి వచ్చినప్పుడు కూడా సచివాలయంలో కూర్చోబెడదామని చూశారు. ఆమె పట్టుబట్టి హోసూరు సబ్ కలెక్టర్‌గా వెళ్లింది.

1954 ఐఏఎస్ నియామక నిబంధనల్లో కూడా పెళ్లయిన స్త్రీకి ఉద్యోగం హక్కు కాదని రాశారు. చేరాక పెళ్లి చేసుకుంటే, సర్వీసు సామర్థ్యం పేరు చెప్పి రాజీనామా అడిగే అధికారం కేంద్రానికి ఇచ్చారు. మగ ఆఫీసరుకు పెళ్లయితే సామర్థ్యం ఏమీ తగ్గదన్నమాట!

ఇది మన దేశం ఒక్కదాని జబ్బు కాదు. బ్రిటన్ సివిల్ సర్వీసులో పెళ్లయితే ఆడవాళ్లు ఉద్యోగం మానేయాలన్న నిబంధన 1946 దాకా ఉంది. ఐర్లాండ్‌లో అయితే 1973 దాకా ఉంది.

విదేశాంగ సర్వీసులో తొలి మహిళ సి.బి. ముత్తమ్మ. కూర్గు ఆవిడ. 1949 బ్యాచ్. పెళ్లి చేసుకోవాలంటే ముందు ప్రభుత్వం దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలన్నది ఆ సర్వీసు రూలు. ప్రమోషన్ ఆపేశారని ఆమె సుప్రీంకోర్టుకు పోయింది. కేసు నడుస్తుండగానే ప్రమోషన్ ఇచ్చేసి, ‘ఇంక కేసెందుకు’ అన్నారు. 1979లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ కేసైతే ముగించారు గానీ, ఆ రూళ్లలో స్త్రీల పట్ల వివక్ష కొట్టొచ్చినట్టు ఉందనీ, సర్వీసు నిబంధనలన్నీ సరిచూసుకోవాలనీ గట్టిగా చెప్పారు. రాజ్యాంగం వచ్చి 29 ఏళ్లయింది అప్పటికి.

ఇక్కడొక తమాషా చూడండి. 1960ల్లోనే హైదరాబాద్‌కు మహిళా మేయర్లు ఉన్నారు. రాణీ కుముదినీ దేవి, ఆ తర్వాత సరోజినీ పుల్లారెడ్డి. ఈ సరోజినీ పుల్లారెడ్డి గారు మన మలక్‌పేటకు ఎమ్మెల్యేగా కూడా చేశారు. అంటే కుర్చీ పైన ఒక్క మహిళ ఉండొచ్చు. మనకు అభ్యంతరం లేదు. ఫొటో కూడా బాగుంటుంది. కానీ ఆ కుర్చీ కింద ఉండే వందల టేబుళ్లు, అంటే గుమాస్తా, ఇన్‌స్పెక్టరు, తహసీల్దారు... అక్కడ ఎంతమంది? అసలు ప్రశ్న అది.

ఆ ప్రశ్నకు లెక్కలో జవాబు చెప్పింది ఎన్టీ రామారావు ప్రభుత్వం. 1983లో అధికారంలోకి వచ్చింది. అదే ఏడాది తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయం పెట్టింది. 1984 జనవరిలో ఒక జీవో ఇచ్చి, ఆంధ్రప్రదేశ్ సర్వీసు నిబంధనల్లో 22-ఎ అనే కొత్త రూలు చేర్చింది. మన ‘డబ్ల్యూ’ పుట్టిల్లు ఇదే.

ఆ రూలులో మూడు ముక్కలు ఉన్నాయి. ఒకటి: ఆడవాళ్లు ఎక్కువ తగినవాళ్లు అనుకునే పోస్టుల్లో వాళ్లకు ప్రాధాన్యం. రెండు: ఆడా మగా ఇద్దరూ సమానంగా తగిన పోస్టుల్లో, మిగతావన్నీ సమానమైతే ఆడవాళ్లకు ప్రాధాన్యం, ప్రతి కేటగిరీలోనూ కనీసం 30 శాతం వాళ్లకే. మూడు: కొన్ని పోస్టులు పూర్తిగా ఆడవాళ్లకే.

కోర్టులో గొడవ దేని మీద జరిగిందో ఊహించండి. రెండో దాని మీద! మొదటిది రూపాబాయి కాలం నాటి తలుపే కదా. నర్సు, పంతులమ్మ, లేడీ డాక్టరు. దానితో ఎవరికీ పెద్ద పేచీ లేదు. ‘ఇద్దరూ సమానమే’ అన్న కుర్చీలో వాటా అడిగేసరికి వచ్చింది తంటా.

వాదన ఏంటంటే: 16వ అధికరణం ఉద్యోగాల్లో లింగ వివక్ష వద్దంటోంది. రిజర్వేషన్ ఇవ్వొచ్చని చెప్పే 16(4)లో వెనుకబడిన తరగతుల మాటే ఉంది, ఆడవాళ్ల మాట లేదు. కాబట్టి ఈ 30 శాతం చెల్లదు. వినడానికి బలంగానే ఉంది కదా? హైకోర్టు ఒప్పుకుంది. రెండో క్లాజును కొట్టేసింది.

ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. 1995లో తీర్పు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ విజయకుమార్ కేసు. పాలిటీ చదివేవాళ్లు రాసుకోండి. ధర్మాసనంలో జస్టిస్ సుజాతా మనోహర్ ఉన్నారు. కోర్టు ఏమందంటే, 15(3)లో స్త్రీల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చని రాజ్యాంగమే చెప్పింది. ఆ అధికారం ప్రభుత్వం చేసే పనులన్నింటికీ వర్తిస్తుంది, ఉద్యోగాలు కూడా అందులో భాగమే. శతాబ్దాలుగా వెనక్కి నెట్టబడినవాళ్లను ఉద్యోగాల దగ్గర మాత్రం వదిలేస్తే ఇంక ఆ క్లాజు ఉండి ఏం లాభం? ఇదీ సారాంశం. రూలు నిలబడింది. తర్వాత అది మూడింట ఒక వంతు అయింది.

ఇదే సుజాతా మనోహర్ రెండేళ్ల తర్వాత, 1997లో, విశాఖ తీర్పు ఇచ్చిన బెంచిలో కూడా ఉన్నారు. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద తొలిసారి మార్గదర్శకాలు ఇచ్చిన తీర్పు అది. దాని వెనక ఉన్న భన్వరీ దేవి ఎవరు? రాజస్థాన్‌లో ప్రభుత్వ కార్యక్రమంలో ఊళ్లో పనిచేసే ‘సాథిన్’. బాల్య వివాహం ఆపబోయినందుకు ఆమె మీద దాడి జరిగింది. 2013లో చట్టం వచ్చింది. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండాలి. ఉద్యోగం రావడం ఒక మెట్టు, అక్కడ తలెత్తుకుని ఉండగలగడం ఇంకో మెట్టు.

సరే, ఇప్పుడు మెస్‌లో వాదనకు వద్దాం. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం జీవో నంబర్ 3 ఇచ్చింది. మహిళా రిజర్వేషన్‌ను ఇకపై రోస్టర్ పాయింట్లు లేకుండా సమాంతరంగా అమలు చేయాలని. పెద్ద దుమారం లేచింది. తేడా ఏంటో ఒక లెక్కతో చెప్తా.

ఒక కేటగిరీలో 12 పోస్టులు ఉన్నాయనుకోండి. మూడో వంతు అంటే 4. పాత పద్ధతిలో ఆ 4 పక్కన పెడతారు. మిగిలిన 8లో అందరూ పోటీ పడతారు. టాప్ 8లో ముగ్గురు అమ్మాయిలు ఉంటే వాళ్లు అక్కడే సెలెక్ట్. పైన ఇంకో 4. మొత్తం 7. కొత్త పద్ధతిలో ముందు మెరిట్ ప్రకారం టాప్ 12 తీస్తారు. అందులో అమ్మాయిలు 5 మంది ఉంటే నాలుగు దాటింది కాబట్టి లిస్టు ముట్టుకోరు. మొత్తం 5. ఒకవేళ ఇద్దరే ఉంటే, చివరి ఇద్దరు అబ్బాయిల స్థానంలో తర్వాతి ఇద్దరు అమ్మాయిలు వస్తారు. 2007లో రాజస్థాన్ జడ్జి పోస్టుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఈ పద్ధతే.

కాబట్టి అమ్మాయిలు ‘మాకు తగ్గింది’ అంటే అది వట్టి భయం కాదు. నా లెక్కలోనే 7 కాస్తా 5 అయింది. అబ్బాయిలు ‘మెరిట్‌లో వచ్చినవాళ్లను కోటాలో లెక్కపెట్టాలి కదా’ అంటే దాని వెనకా సుప్రీంకోర్టు తీర్పు ఉంది. నా అభిప్రాయం అడిగితే, 1984 నాటి రూలులో అందరూ మర్చిపోయిన చిన్న మాట ఒకటుంది: ‘కనీసం’. మూడో వంతు అన్నది నేల. పైకప్పు కాదు. టాప్ 12లో 9 మంది అమ్మాయిలుంటే 9 మందీ వస్తారు. ‘లేడీస్ కోటా అయిపోయింది’ అని ఎవరైనా అంటే వాళ్లకు రూలు తెలియదన్నట్టే.

ఇంకో సంగతి. ఈ లెక్కలన్నీ నోటిఫికేషన్ పడే ఉద్యోగాలకు. మీ గల్లీలో అంగన్‌వాడీ టీచరు ఉంది. ఐసీడీఎస్ 1975 అక్టోబర్ 2న మొదలైంది. పిల్లలకు తిండి, బాలింతలకు సరుకులు, రిజిస్టర్లు, సర్వేలు అన్నీ ఆమే. కానీ ఆమెది జీతం కాదు, ‘గౌరవ వేతనం’. అంగన్‌వాడీ కార్యకర్తలది సివిల్ పోస్టు కాదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆశా కార్యకర్తల పరిస్థితీ అంతే. అంటే సర్కారు పనిలో ఎక్కువమంది ఆడవాళ్లు కనపడే చోటే సర్కారు ఉద్యోగం లేదు. 33 శాతం మీద అంత గట్టిగా కొట్లాడుకునే మనం, నూటికి నూరు శాతం ఆడవాళ్లే చేసే ఈ పని దగ్గర ఎందుకు నోరు మెదపం?

పై మెట్లూ చూడండి. తెలంగాణ తొలి మంత్రివర్గంలో ఒక్క మహిళా లేదు. 2019 సెప్టెంబర్‌లో ఇద్దరు వచ్చారు. తొలి మహిళా చీఫ్ సెక్రటరీ శాంతి కుమారి 2023 జనవరిలో వచ్చారు. ఇవన్నీ మీ కళ్ల ముందు జరిగినవే.

మీకు రెండు పనులు చెప్తా. తర్వాతి నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఖాళీల పట్టికతో పాటు కింద మహిళా రిజర్వేషన్ గురించి రాసిన పేరా కూడా పూర్తిగా చదవండి. ఇక మీ అక్కో, వదినో ఏదైనా ఆఫీసులో చేస్తుంటే, అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు అక్కడ గోడ మీద ఉన్నాయో లేదో అడగండి. పేర్లు ఉండాలన్నది చట్టం. ఏం జవాబు వచ్చిందో కింద రాయండి, నేను చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో కోఠి రెసిడెన్సీ భవనం ఆడపిల్లల కాలేజీ ఎలా అయిందో మాట్లాడుకుందాం. ఉంటా మరి.